ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు ఎంత?

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు ఒంగోలులో జరిగిన ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, పొద్దున్నే బస్సులెక్కి మార్కాపురం నుంచీ కందుకూరు నుంచీ కావలి నుంచీ వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. తెలుగు భాషా దినోత్సవం రోజున ఇంగ్లీషు మాస్టర్లను పిలిచి కూర్చోబెట్టడం ఏమిటని టిఫిన్ దగ్గర ఒకరిద్దరు నవ్వుకోవడం నా చెవిన పడింది. నాకు మాత్రం ఇందులో వింత కనిపించలేదు. ఇవాళ ఎవరి పుట్టినరోజో ఆ గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాష కోసం ఎంత పోరాడారో మనకందరికీ తెలుసు గానీ, అంతకు ముందే ఆయన సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, తెలుగు లిపిలో వాళ్లకు వాచకాలు రాసి, బడులు పెట్టించి, సవరలోనే చదువు చెప్పించారన్న సంగతిని అంతగా తలుచుకోము. పిల్లవాడికి తెలిసిన భాషలో నుంచి నడిపించుకు వెళితేనే తెలియని చోటికి తీసుకుపోగలమని ఆయన పర్లాకిమిడి దగ్గర చేసి చూపించారు. మన ఇంగ్లీషు పీరియడ్‌లో మనం తేల్చుకోవలసిన సంగతి కూడా సరిగ్గా అదే. నేను ముప్పై మూడేళ్లు ఈ పని చేశాను. అందులో మొదటి కొన్నేళ్లు తప్పు చేశాను. కాబట్టి ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

1986లో కనిగిరి పక్కన ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉద్యోగంలో చేరాను. బీఈడీలో మాకు నూరిపోసిన సూత్రం ఒక్కటే: ఇంగ్లీషు మాస్టరు తరగతి గుమ్మం దాటేటప్పుడు తెలుగును చెప్పులతోపాటు బయట విడిచి లోపలికి రావాలి. కొత్త ఉద్యోగం, కొత్త ఉత్సాహం. దానిని నిష్ఠగా పాటించేవాణ్ణి. ఒక రోజు ఎనిమిదో తరగతిలో వెనక బెంచీ పిల్లవాడి ముందు నోటుబుక్కు కనిపించకపోతే, ‘డిడ్‌న్ట్ యూ డూ యువర్ హోంవర్క్?’ అని అడిగాను. వాడు లేచి నిలబడి, నా వైపే చూస్తూ, ‘ఎస్ సార్’ అన్నాడు. ‘షో మీ’ అన్నాను. వాడు కదలలేదు. మళ్లీ అదే ప్రశ్న వేశాను, మళ్లీ ‘ఎస్ సార్’ అన్నాడు. చేయని పనిని చేశానని రెండుసార్లు మొహం మీదే అబద్ధం చెబుతున్నాడని నాకు ఒళ్లు మండి, చెయ్యి చాపమని స్కేలుతో రెండు దెబ్బలు వేశాను. వాడు ఏడవలేదు. దెబ్బ ఎందుకు పడిందో అర్థంకాని పిల్లల మొహం ఒకటి ఉంటుంది, మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఆ మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి నేను ఆలస్యంగా ఇల్లు చేరితే మా అమ్మ, ‘ఏంరా, ఇంకా అన్నం తినలేదా?’ అని అడిగింది. ‘ఆఁ, తినలేదమ్మా’ అన్నాను. అన్న తరువాత నా మాట నాకే వినిపించింది. తెలుగులో ‘అవును’ అనేది అడిగినవాళ్ల మాటకు చెప్పే ఒప్పుకోలు: నువ్వు అనుకున్నది నిజమే, నేను తినలేదు. ఇంగ్లీషులో ‘ఎస్’ అడిగినవాళ్ల అంచనాను లెక్కలోకి తీసుకోదు. పని జరిగితే ‘ఎస్’, జరగకపోతే ‘నో’, ప్రశ్న లేదుతో అడిగినా ఉందితో అడిగినా సరే. ఆ పిల్లవాడు ‘అవును సార్, చేయలేదు’ అని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. నోటి మాట ఇంగ్లీషుది, లోపలి లెక్క తెలుగుది. నిజం చెప్పిన పిల్లవాణ్ణి నేను అబద్ధికుడి కింద జమకట్టి కొట్టాను.

మర్నాడు బోర్డుకు ఒక పక్క ‘అవును, చేయలేదు’ అనీ, రెండో పక్క ‘నో, ఐ డిడ్‌న్ట్’ అనీ రాసి, రెండు భాషలూ ఎక్కడ విడిపోతున్నాయో తెలుగులో చెప్పాను. వాణ్ణి లేపి, నిన్న నీది తప్పు కాదురా అని కూడా చెప్పాను. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. తరువాత పది నిమిషాలు ‘డిడ్‌న్ట్ యూ ఈట్? హ్యావ్‌న్ట్ యూ సీన్ ది సీ?’ అని ఒకరినొకరు అడిగిస్తే, సముద్రం చూడని కనిగిరి పిల్లలు ‘నో, ఐ హ్యావ్‌న్ట్’ అని పొల్లుపోకుండా జవాబులు చెప్పారు. అదే ముక్కను ఇంగ్లీషులోనే వివరించాలని పట్టుబట్టి ఉంటే, పాజిటివ్ అనీ నెగటివ్ అనీ అగ్రిమెంట్ అనీ, అడిగిన ఒక్క మాట చెప్పడానికి అడగని పది మాటలు చెప్పవలసి వచ్చేది. ఆ రోజు నుంచి నేను తెలుగును గుమ్మం బయట వదలడం మానేశాను.

అయితే నేను తెలుగును లోపలికి తెచ్చానని చెప్పుకోవడం కూడా సరి కాదు. అది మొదటి నుంచీ లోపలే ఉంది. మనం నిషేధించగలిగేది పిల్లల నోట్లోని తెలుగును మాత్రమే. తలలోని తెలుగు మన ఆజ్ఞలు వినదు. మనం ‘టైగర్’ అన్న క్షణంలో వాడి లోపల పులి కదులుతుంది. మనం చెప్పని అర్థాన్ని పక్కవాడు గుసగుసగా చెబుతాడు, చాలాసార్లు తప్పుగా చెబుతాడు. పుస్తకంలో ఇంగ్లీషు మాట నెత్తిన పెన్సిలుతో సన్నగా రాసుకున్న తెలుగు అర్థాలు మీరు చూడలేదా? చూసే ఉంటారు. తెలుగు ఎలాగూ ఉండే చోట, అది మనకు కనిపించకుండా బెంచీ కింద ఉండడం మేలా, మన కొలతతో బోర్డు మీద ఉండడం మేలా అన్నదే నేను మీ ముందు పెడుతున్న ప్రశ్న.

ఈ నిషేధం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చూద్దాం, ఎందుకంటే చాలామంది దీనిని శాస్త్రం తేల్చిన సత్యమని నమ్ముతున్నారు. ఐరోపాలో వందల ఏళ్లపాటు లాటిన్, గ్రీకు భాషలను వ్యాకరణ సూత్రాలు వల్లెవేయించి, వాక్యాలు అనువదింపజేసి నేర్పేవారు. ఆ పద్ధతినే ఫ్రెంచి, జర్మన్ లాంటి జీవద్భాషలకూ అంటగట్టినప్పుడు పిల్లలకు చదవడం వచ్చింది గానీ నోరు తెరవడం రాలేదు. దాని మీద తిరుగుబాటుగా పంతొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్లలో, పిల్లల భాష ఊసెత్తకుండా కొత్త భాషను ఆ భాషలోనే నేర్పే డైరెక్ట్ మెథడ్ వచ్చింది. అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణంలో 1878లో భాషల బడి పెట్టిన మాక్సిమిలియన్ బెర్లిట్జ్ గురించి ఒక కథ చెబుతారు. ఆయన ఫ్రెంచి చెప్పడానికి కుదుర్చుకున్న మనిషికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదట. ఈయనేమో జబ్బుపడి మంచాన ఉన్నాడు. ఆరు వారాలకు లేచి వచ్చి చూస్తే, సైగలతోనూ వస్తువులు చూపించడంతోనూ నేర్చుకున్న విద్యార్థులు ఫ్రెంచిలో మాట్లాడుతున్నారట. కథ బాగుంది. కానీ అందులో ఉన్నవాళ్లు ఎవరో గమనించండి: డబ్బు కట్టి, ఇష్టపడి, కొద్దిమందిగా కూర్చున్న పెద్దవాళ్లు. పైగా గురువుకు శిష్యుల భాష రాకపోవడం అక్కడ ఎంచుకున్న సిద్ధాంతం కాదు, తప్పనిసరి పరిస్థితి. యాభైమంది పిల్లలు, వాళ్ల భాషే మాట్లాడే మాస్టరు ఉన్న మన తరగతికి ఆ పరిస్థితిని ఆదర్శంగా తెచ్చి పెట్టడంలో ఏదో తిరకాసు ఉంది.

వలస పాలన ముగిసిపోతున్న రోజుల్లో, 1961లో, ఉగాండాలోని మకెరెరెలో ఇంగ్లీషు బోధన మీద కామన్వెల్తు దేశాల సదస్సు ఒకటి జరిగింది. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే చెప్పాలి, ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాడే ఉత్తమ గురువు, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది, ఎంత ఎక్కువ వినిపిస్తే అంత మంచిది, వేరే భాషలు వాడితే ఇంగ్లీషు ప్రమాణం పడిపోతుంది అన్న ఐదు నమ్మకాలు ఆ సదస్సు ఆలోచనల్లో ఉన్నాయని, ఐదూ అపోహలేనని భాషా పరిశోధకుడు రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో ఒక్కొక్కటిగా విప్పి చూపించాడు. మన ఊళ్లలో ప్రైవేటు బడుల కరపత్రాలు తిరగేసి చూడండి, ఈ ఐదింటిలో కనీసం మూడు రంగుల అక్షరాల్లో కనిపిస్తాయి. తెలుగు మాట్లాడితే ఫైను వేసే బడి ఒకటి నాకు తెలుసు. పేరు ఎందుకు గానీ, ఆ ఫైను వసూలు చేసే క్లాసు లీడరు ‘ఫైను కట్టు బే’ అని తెలుగులోనే అడిగేవాడు.

నిషేధానికి ఎదురు చెప్పి, అంతటితో ఆగక పద్ధతి కూడా చూపించినవాళ్లలో నాకు పనికివచ్చినవాళ్లు ఇద్దరు. వేల్స్ దేశంలో పనిచేసిన సి.జె. డాడ్సన్ 1967లో ద్విభాషా పద్ధతిని ప్రతిపాదించాడు. ఉపాధ్యాయుడు బొమ్మ చూపించి కొత్త భాషలో వాక్యం చెబుతాడు, వెంటనే పిల్లల భాషలో దాని అర్థం చెబుతాడు, పిల్లలు మాత్రం కొత్త భాషలోనే పలుకుతారు. కొన్నాళ్లకు తిరగేస్తాడు: ఉపాధ్యాయుడు పిల్లల భాషలో అంటాడు, పిల్లలు కొత్త భాషలోకి మారుస్తారు. పిల్లల భాష ఉపాధ్యాయుడి నోట మాత్రమే ఉండడం ఇందులోని కీలకం. రెండోవాడు జర్మనీలో ఇంగ్లీషు బోధన ఆచార్యుడైన వోల్ఫ్‌గాంగ్ బుట్జ్‌కామ్. ఇంగ్లీషు వాక్యం, మధ్యలో పక్కమాటగా నెమ్మది గొంతుతో సొంత భాషలో అర్థం, మళ్లీ అదే ఇంగ్లీషు వాక్యం: ఈ వరసను ఆయన శాండ్‌విచ్ అన్నాడు. శాండ్‌విచ్ మన పల్లెలకు ఆలస్యంగా వచ్చింది కాబట్టి నేను మా పిల్లలకు దీనిని బొబ్బట్టు అని చెప్పేవాణ్ణి. పూర్ణం లోపల ఉంటుంది, చేతికి తగిలేది పైపొరే.

ఈ బొబ్బట్టును నేను ఎలా వాడేవాణ్ణో ఒక మాటతో చూపిస్తాను. ‘అన్‌లెస్’. ఒకసారి తనిఖీకి అధికారి వస్తే, నలభై ఐదు నిమిషాలూ ఒక్క తెలుగు మాట లేకుండా పాఠం చెప్పి మెప్పు పొందాను. ఆయన జీపు గేటు దాటాక ముందు బెంచీ అమ్మాయి లేచి, ‘సార్, అన్‌లెస్ అంటే అన్నం లేకపోవడమా అండీ?’ అని అడిగింది. నవ్వకండి. కరవు మండలంలో ఆ అర్థం అంత అసంబద్ధమైనదేమీ కాదు. మరుసటి రోజు అదే తరగతిలో ‘అన్‌లెస్ ఇట్ రెయిన్స్, ది క్రాప్ విల్ డై’ అన్నాను. ‘వాన పడకపోతే పైరు ఎండిపోతుంది’ అన్నాను. మళ్లీ ‘అన్‌లెస్ ఇట్ రెయిన్స్, ది క్రాప్ విల్ డై’ అన్నాను. మెట్టపొలం పిల్లలకు ఇక వేరే వివరణ అక్కరలేకపోయింది. అయినా అసలు చిక్కు ఆ తరువాతే వచ్చింది. సగంమంది ‘అన్‌లెస్ ఇట్ డజ్ నాట్ రెయిన్’ అని రాశారు. ఎందుకని? తెలుగులో ‘పడకపోతే’ అన్నప్పుడు ‘లేదు’ అన్న భావం క్రియలో కూర్చుంటుంది, కాబట్టి పిల్లవాడు ఇంగ్లీషు క్రియలో కూడా దానిని వెతికి పెట్టాడు. ఇంగ్లీషులో ఆ ‘లేదు’ క్రియలో లేదు, ‘అన్‌లెస్’ పొట్టలో దాక్కుంది. పడకపోతేలోని ‘క’ను ఎర్ర సుద్దతో దిద్ది, అన్‌లెస్‌లోని ‘అన్’ను అదే ఎర్ర సుద్దతో దిద్ది, ఒకదాని నుంచి మరొకదానికి గీత గీశాను. తప్పు చేయించింది తెలుగే, తప్పు దిద్దడానికి అక్కరకు వచ్చిందీ తెలుగే. తెలుగును బయటికి పంపినవాళ్లకు ఆ తప్పు కనిపిస్తుంది గానీ దాని వేరు ఎక్కడుందో కనిపించదు.

ఇలాంటి వేర్లు మరికొన్ని చెబుతాను, ఎందుకంటే మన పని అంతా ఇక్కడే ఉంది. మనం చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, చెప్పులు వేసుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, పూలు ముడుచుకుంటాం. ఇన్నింటికీ ఇంగ్లీషులో ‘వేర్’ ఒక్కటి చాలు. ఈ వరస బోర్డు మీద రాస్తే, మన భాషలో ఇన్ని ఉన్నాయా అని పిల్లలు మొదట తెలుగును చూసి ఆశ్చర్యపోతారు, తరువాత ఇంగ్లీషు మాట సుళువని సంతోషిస్తారు. కానీ సుళువనుకున్న చోటే గుంట ఉంది. ‘హీ ఈజ్ వేరింగ్ ఎ షర్ట్’ అన్న వాక్యాన్ని మనం అలవాటు చొప్పున ‘అతడు చొక్కా వేసుకుంటున్నాడు’ అని చెబుతాం. అది తప్పు. వేసుకుంటున్నాడు అంటే చేతులు ఇంకా దూరుస్తున్నాడు, గుండీలు ఇంకా పెట్టలేదు; దానికి ఇంగ్లీషులో ‘పుటింగ్ ఆన్’ ఉంది. ‘వేరింగ్’ అంటే ‘వేసుకుని ఉన్నాడు’. ‘-ఇంగ్’ కనిపిస్తే ‘-తున్నాడు’ అనే బండ సూత్రం ఇక్కడ పిల్లవాణ్ణి నేరుగా గుంటలోకి నడిపిస్తుంది. మాతృభాషలో అర్థం చెప్పడమంటే నోటికొచ్చిన అర్థం చెప్పడం కాదని నేను ఈ వాక్యం దగ్గరే నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాస్టరుకు తెలుగు గట్టిగా రావాలి. ఈ మాట అన్నందుకు వెనకటి ఒక సమావేశంలో నన్ను తెలుగు పండితుల వైపు పంపిస్తామని ఎగతాళి చేశారు, పంపినా వెళ్లేవాణ్ణే.

కాలాల సంగతి తీసుకోండి. ‘నేను రోజూ పాలు తాగుతాను’, ‘నేను రేపు పాలు తాగుతాను’. తెలుగులో క్రియ మారలేదు. మన వ్యాకరణంలో అలవాటును చెప్పే ఈ రూపానికి తద్ధర్మం అని పేరుంది, రాబోయే పనికి కూడా వ్యవహారంలో అదే రూపాన్ని వాడుకుంటున్నాం. ఈ ఒంగోలులోనే 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ప్రపంచం మెచ్చిన భాషా శాస్త్రవేత్త. ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఆయన జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో ఇంగ్లీషులో వెలువరించారు. ఇంగ్లీషు మాస్టర్లు తమ బల్ల మీద పెట్టుకోవలసిన పుస్తకాల్లో అది ఒకటని నా అభిప్రాయం, ఎందుకంటే మన పిల్లలు ఇంగ్లీషులో ఏ తప్పు ఎందుకు చేస్తారో దానిలో పరోక్షంగా దొరుకుతుంది. ‘రోజూ’కు ‘డ్రింక్’, ‘రేపు’కు ‘విల్ డ్రింక్’ అని ఇంగ్లీషు రెండుగా చీలుస్తుందని ముందే చెబితే పిల్లలు ‘ఐ విల్ గెటప్ అట్ సిక్స్ ఎవ్రీ డే’ అని రాయడం తగ్గుతుంది. ‘మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాం’ అన్నది ‘వి ఆర్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’గా మారడం కూడా ఈ కోవలోదే, దాని గురించి చెప్పడం మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోతుంది. ‘నాకు ఇద్దరు అన్నలు’, ‘నాకు జ్వరంగా ఉంది’, ‘నాకు ఇంగ్లీషు రాదు’: ఈ మూడు ‘నాకు’లూ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ‘ఐ’ అయి వాక్యం మొదట్లో కూర్చుంటాయన్నది ఒక్క పీరియడ్ పాఠం, ఏడాదంతా పనికొస్తుంది.

ఇంతవరకూ విని, ఇంకేం, రేపటి నుంచి తెలుగులోనే చెప్పేద్దామని ఎవరైనా అనుకుంటే నేను చాలా బాధపడతాను. నిషేధం పుస్తకాల్లో ఉంది గానీ మన తరగతుల్లో నిజంగా నడుస్తున్నది దానికి పూర్తిగా తలకిందులు. మాస్టరు ఇంగ్లీషులో ఒక లైను చదువుతాడు, తెలుగులో అర్థం చెబుతాడు, ఇంకో లైను చదువుతాడు, అర్థం చెబుతాడు, పాఠం అయిపోతుంది. తరువాత ప్రశ్నలూ జవాబులూ నోట్సు చెబుతాడు, లేదా గైడులో గుర్తు పెట్టిస్తాడు. పిల్లలు కంఠతా పడతారు. పిల్లలు కథ విన్నారు, కథ వాళ్లకు తెలిసింది, కానీ తెలుగు కథ తెలిసింది. తెలుగు వస్తుందని తెలిసినప్పుడు ఇంగ్లీషు లైను చదువుతున్నంతసేపూ పిల్లవాడు చెవులు మూసుకుని కూర్చుంటాడు, సినిమాలో తనకు తెలియని భాష పాట వస్తే బయటికి లేచి వెళ్లేవాడిలాగా. డాడ్సన్ పద్ధతికీ దీనికీ పోలిక లేదు. అక్కడ అర్థం చెప్పిన తరువాత పిల్లలు ఆ వాక్యాన్ని ఇరవైసార్లు, మారుస్తూ, తిప్పుతూ పలుకుతారు. ఇక్కడ అర్థం చెప్పడంతోనే పని ముగుస్తుంది. నిషేధం పిల్లవాణ్ణి మూగవాణ్ణి చేస్తే, ఈ అర్థాల పాఠం కూడా మూగవాణ్ణే చేస్తుంది, కాకపోతే కొంచెం సుఖంగా.

2020 తరువాత మన రాష్ట్రంలో పిల్లల చేతికి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలనే చూడండి: ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో అదే తెలుగులో. ఆ ఆలోచన నాకు నచ్చింది. సైన్సులో కిరణజన్య సంయోగక్రియ తెలుగులో అర్థమైన పిల్లవాడికి ఫోటోసింథసిస్ ఒక కొత్త పేరు మాత్రమే, అర్థంకాని పిల్లవాడికి రెండు గోడలు. కానీ తరగతిలో ఏం జరుగుతున్నదో మీకు నాకంటే ఎక్కువ తెలుసు. చాలా చోట్ల పిల్లలు తెలుగు పుటే తిరగేస్తారు, ఇంగ్లీషు పుట కొత్తగా మెరుస్తూ మిగిలిపోతుంది. ఆ పుస్తకాన్ని ఇచ్చినవాళ్లు దానిని వాడే తీరు మనకు చూపించవలసి ఉంది. నా మట్టుకు నేనైతే మొదట తెలుగు పుట చదివించి, మూయించి, ఇంగ్లీషు పుటలో ఫలానా మూడు సంగతులు ఏ వాక్యాల్లో ఉన్నాయో వేలు పెట్టి చూపించమంటాను. అర్థం ముందే తెలిసింది కాబట్టి పిల్లవాడు ఇప్పుడు వెతికేది ఇంగ్లీషునే.

మరి కొలత ఎంత? నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో నా తెలుగు ఆరేడు నిమిషాలు దాటకుండా చూసుకునేవాణ్ణి, అదీ ఒక్కచోట పోగుపడకుండా. కొత్త మాటకు బొమ్మ సరిపోతే బొమ్మే, సైగ సరిపోతే సైగే. అరటిపండుకు తెలుగు ఎందుకు? ‘అన్‌లెస్’కూ ‘ఆల్దో’కూ ‘హోప్’కూ బొమ్మ ఎవరు గీయగలరు, అక్కడ తెలుగు కావాలి. పుస్తకాలు తీయండి, కూర్చోండి, బోర్డు తుడవండి లాంటి రోజువారీ మాటలన్నీ జూన్ నుంచి మార్చి దాకా ఇంగ్లీషులోనే. చిత్రంగా, చాలామంది మాస్టర్లు దీనికి ఎదురుగా చేస్తారు; పాఠంలో ఇంగ్లీషు, అల్లరి ఆపడానికి తెలుగు. పిల్లలకు నిజంగా పని జరిగే భాష ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

డాడ్సన్ రెండో మెట్టుకు నేను పలకలు వాడేవాణ్ణి. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దిన పలకలు మన మార్కాపురం నుంచి వెళ్లాయి. మన బడుల్లో మాత్రం అవి ఒకటో తరగతితో అటకెక్కుతాయి. నేను తొమ్మిదో తరగతిలో కూడా తెప్పించాను. ‘మా ఊరికి బస్సు రాలేదు’ అని నేను తెలుగులో అంటాను, పది లెక్కపెట్టేలోగా ఇంగ్లీషు వాక్యం రాసి పలక పైకి ఎత్తాలి. నలభై పలకలు ఒక్కసారి లేస్తే ఎవరికి ఎక్కడ తట్టుకుంటున్నదో ఒక్క చూపులో తెలుస్తుంది. నోటుబుక్కులు ఇంటికి మోసుకుపోయి దిద్దే పని సగం తగ్గుతుంది, ఇది మీకు వినడానికి బాగుంటుందని చెబుతున్నాను.

పై తరగతుల్లో అనువాదం కూడా చేయించాను. అనువాదాన్ని చిన్నచూపు చూసే హక్కు తక్కినవాళ్లకు ఉందేమో గానీ మన రెండు జిల్లాల వాళ్లకు లేదు. భారతాన్ని తెలుగు చేసిన ముగ్గురిలో తిక్కన నెల్లూరు వాడు, ఎర్రాప్రగడ అద్దంకి రెడ్డి రాజుల ఆస్థానంలో ఉన్నవాడు. నేను ఇచ్చినవి మాత్రం పద్యాలు కావు. ఆర్టీసీ బస్సులో ఉండే వాక్యం తీసుకున్నాం: ‘స్త్రీలకు కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనివ్వండి.’ పదో తరగతి పిల్లలు నలుగురేసి గుంపులుగా దీని మీద ఒక పీరియడ్ అంతా కొట్టుకున్నారు. తెలుగులో ‘స్త్రీలకు కేటాయించిన’ ముందు వచ్చి ‘సీట్లు’ వెనక వస్తే, ఇంగ్లీషులో ‘సీట్స్’ ముందు నడిచి ‘రిజర్వ్‌డ్ ఫర్ విమెన్’ వెనక నడుస్తుందని వాళ్లే కనిపెట్టారు. ‘వారినే’లోని ఆ ఒక్క ‘ఏ’కారానికి ఇంగ్లీషులో మాట వెతకవలసి వచ్చింది. ఒక గుంపు ‘ఓన్లీ’ని వాక్యం మొదట పెట్టింది, ఒక గుంపు చివర పెట్టింది, రెండింటికీ అర్థం ఎలా మారుతున్నదో వాదించుకున్నారు. వాదన తెలుగులోనే జరిగింది. నేను ఆపలేదు. వాళ్లు తెలుగులో మాట్లాడుతున్నది ఇంగ్లీషు గురించి.

ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనది. మీరు తెలుగు తెలుగు అంటున్నారు, తరగతిలో అందరి ఇంటి భాష తెలుగేనా? కాదు. నెల్లూరు పట్టణంలో ఉర్దూ ఇళ్ల పిల్లలున్నారు, పాత నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన తమిళం మాట్లాడే ఇళ్లున్నాయి, ఇటు యర్రగొండపాలెం వైపు తండాల నుంచి లంబాడీ పిల్లలు వస్తారు. అదృష్టవశాత్తూ ఈ భాషలన్నిటిలోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, కాబట్టి తెలుగుతో చూపించిన పోలికలు చాలావరకు వాళ్లకూ పనికొస్తాయి. కొన్నిచోట్ల వాళ్లకే సుళువు: మనకు ‘మనం’, ‘మేము’ వేరు, ఇంగ్లీషు ‘వి’ రెండింటికీ ఒక్కటే, ఉర్దూ ‘హమ్’ కూడా అంతే. మా తరగతిలో ఒక ఉర్దూ అమ్మాయి లేచి ఈ సంగతి చెప్పినప్పుడు, తెలుగులో వెనకబడిందని అందరూ అనుకునే ఆ పిల్ల ఆ పూటకు మాస్టరమ్మ అయింది. మీకు లంబాడీ రాకపోవచ్చు. ‘మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?’ అని అడగడానికి లంబాడీ రానక్కరలేదు.

తెలుగు ఇళ్ల నుంచి వచ్చేవాళ్లది కూడా పుస్తకాల తెలుగు కాదు. ‘యాడికి పోతుండావ్’ అనే పిల్లవాణ్ణి ముందు ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని సరిదిద్ది, ఆ తరువాత ‘వేర్ ఆర్ యూ గోయింగ్’కు తీసుకువెళ్లే మాస్టర్లను చూశాను. ఒక మెట్టు ఎక్కవలసిన పిల్లవాడికి రెండు మెట్లు పెట్టడం ఇది. పోతుండావులోని ‘ఉండావు’ను అలాగే ఉంచండి, ‘పోతూ ఉండావు’, ‘ఆర్ గోయింగ్’, రెండు ముక్కలకు రెండు ముక్కలు ఎదురెదురుగా అమరుతాయి. మన నెల్లూరు యాస ఇంగ్లీషు వ్యాకరణానికి ఇంత దగ్గరదని నాకూ చాలా ఆలస్యంగా తట్టింది.

నా సమయం అయిపోయిందని నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. మీ అందరికీ రిజిస్ట్రేషను దగ్గర ఇచ్చిన కాగితంలో పది ఇంగ్లీషు వాక్యాలు ఉన్నాయి. ఐదుగురేసి గుంపులుగా కూర్చుని, ఒక్కొక్క వాక్యం దగ్గర మీ తరగతి పిల్లవాడు ఏ తప్పు చేస్తాడో, ఆ తప్పు వెనక ఉన్న తెలుగు వాక్యం ఏమిటో పక్కన రాయండి. బొమ్మతో సరిపోయే వాక్యాలు అందులో మూడున్నాయి. వాటికి తెలుగు రాసినవాళ్లకు మార్కులు తీసేస్తాను. నాలుగో వాక్యం ‘డోన్ట్ యూ లైక్ మ్యాంగోస్?’ దాని జవాబు మాత్రం నా దగ్గరికి వచ్చి నోటితో చెప్పండి.